జురాంగ్ పక్షి ఉద్యానం

సింగపూర్‌లో 1971 నుంచి 2023 వరకు నడిచిన పక్షి ఉద్యానం. రియో డి జనీరోలో మనుషులు లోపలికి నడిచి వెళ్లగల పక్షిశాలను చూసిన మంత్రి గో కెంగ్ స్వీ దీన్ని ప్రతిపాదించాడు. ఇక్కడ 30 మీటర్ల కృత్రిమ జలపాతం చుట్టూ పక్షులు ఎగిరేవి; లోరీ చిలుకలు సందర్శకుల చేతిలోని గిన్నెల మీద వాలేవి. వినోదం పేరిట ఇది చెరేనన్న ఆక్షేపణను తోసిపుచ్చలేం: పంజరం ఎంత పెద్దదైనా పంజరమే, మేత ఆశ చూపి రప్పించడం స్నేహమూ కాదు. అయితే ఉద్యానాన్ని తూచాల్సింది సందర్శకుడి ముచ్చటతో కాదు, పక్షి సంతతితో. సింగపూర్‌లో ఒకప్పుడు కనుమరుగైన హార్న్‌బిల్ పక్షుల కోసం 2004లో మొదలైన ప్రాజెక్టులో ఈ సంస్థ పాలుపంచుకుంది. పెద్ద తొర్రలున్న చెట్లు కరువైన చోట గూటిపెట్టెలు అమర్చారు. ఇప్పుడు ఆ పక్షులు నగరంలోనూ కనిపిస్తున్నాయి. ఉద్యానంలో ఉంచిన దక్షిణ అమెరికా మకావు చిలుకలకు మాత్రం ఈ సమర్థన చెల్లదు. సింగపూర్‌లో వాటికి తిరిగి వెళ్లే అడవి లేదు.