పాత సిలిండరు కొనేవారు ముద్రలు చూడాలి

ముదిగొండ: ట్రాక్టరు ట్రక్కు ఇరుసు విరిగినా, గ్రానైట్ పరిశ్రమలో ఇనుప చట్రం కోయవలసి వచ్చినా గ్యాస్ కటింగ్ తప్పదు. అందుకు కావలసిన ఆక్సిజన్ సిలిండర్లను కొత్తవి కొనలేని చిన్న దుకాణదారులు పాత సామగ్రి వ్యాపారులను ఆశ్రయించడం పరిపాటి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో ఉధృతి వేళ ప్రాణవాయువుకు కొరత ఏర్పడగా ఇళ్లలోనూ, స్వచ్ఛంద సంస్థల వద్దనూ సిలిండర్లు పోగుపడ్డాయి. అవసరం తీరాక మూలనపడిన అటువంటివి చేతులు మారడం సహజమే. అయితే 2021లో పరీక్ష ముద్ర పడిన ఆక్సిజన్ సిలిండరుకు 2026లో అయిదేళ్ల గడువు నిండుతుంది. గడువు దాటినదానిని తిరిగి పీడన పరీక్ష జరిపించకుండా నింపడం నిబంధనలకు విరుద్ధం. చౌకగా వచ్చిందని కొన్న సిలిండరు ఆ పరీక్షలో నిలవకపోతే దానికి మిగిలేది పాత ఇనుము ధర మాత్రమే. పరీక్షే లేకుండా వాడుకలో ఉంచితే వాటిల్లే నష్టం డబ్బుతో పోయేది కాదు.

వెల్డింగ్ దుకాణాల్లో కనిపించే పెద్ద ఆక్సిజన్ సిలిండరు అతుకులు లేని ఉక్కుతో తయారవుతుంది. అందులో పట్టే నీరు సుమారు 46.7 లీటర్లు. అదే చోటులో 150 బార్ల పీడనంతో దాదాపు 7 ఘనమీటర్ల ప్రాణవాయువును కుక్కుతారు. ఒక బార్ అంటే స్థూలంగా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బలం. ఆ లెక్కన అరచేయి వెడల్పు, అనగా 100 చదరపు సెంటీమీటర్ల మేర లోపలి గోడపై 15 టన్నుల ఒత్తిడి పడుతుంది. ఇసుక లారీ బరువంతటి ఆ ఒత్తిడిని కొద్ది మిల్లీమీటర్ల ఉక్కు రేయింబవళ్లు ఆపుతున్నదన్న సంగతి సిలిండరును కాలితో దొర్లించే వారికి గుర్తుండదు.

భుజం మీదనే చరిత్ర

సిలిండరు మెడ కింది గుండ్రని భాగాన్ని భుజం అంటారు. తయారీదారు గుర్తు, వరుస సంఖ్య, ఏ ప్రమాణం ప్రకారం తయారైనదీ, ఖాళీ బరువు, నీటి పరిమాణం, పని పీడనం, పరీక్ష పీడనం, యజమాని గుర్తు, పీడన పరీక్ష జరిగిన నెల, సంవత్సరం, పరీక్షా కేంద్రం సంకేతం అన్నీ అక్కడే చెక్కి ఉంటాయి. మన దేశంలో తయారైన అతుకులు లేని ఉక్కు సిలిండర్లపై సాధారణంగా ఐఎస్ 7285 అన్న ప్రమాణ సంఖ్య కనిపిస్తుంది. తేదీలు వరుసగా, అయిదేళ్లకొకటి చొప్పున ఉన్న సిలిండరు క్రమం తప్పక పరీక్షకు వెళ్లినదని అర్థం. మధ్యలో పదేళ్ల ఖాళీ ఉంటే ఆ కాలమంతా అది ఎక్కడ, ఎలా ఉన్నదో అమ్మకందారును అడగవలసి ఉంటుంది.

కొత్త రంగు చూసి మోసపోయేవారు తక్కువేమీ కాదు. ముద్రలు కనపడనంత దళసరిగా రంగు పూసిన సిలిండరును అనుమానించడమే మేలు. పరిశ్రమల ఆక్సిజన్ సిలిండరుకు నలుపు, వైద్య అవసరాలకు వాడేదానికి నల్లటి ఒంటిపై తెల్లటి భుజం, నైట్రోజన్‌కు బూడిద రంగుపై నల్లటి మెడ, హైడ్రోజన్‌కు ఎరుపు, ఆర్గాన్‌కు నీలం నిర్ణయించారు. రంగు మార్చినంత మాత్రాన సిలిండరు మారిపోదు. మండే వాయువు నింపిన సిలిండరులో ప్రాణవాయువు నింపితే లోపల మిగిలిన కొద్దిపాటి వాయువే విస్ఫోటానికి చాలు. కొవిడ్ కాలంలో నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లను ఆక్సిజన్‌కు మార్చేందుకు ప్రత్యేక అనుమతులిచ్చారు. అవి మండని వాయువులు. ఆ మార్పిడి కూడా శుద్ధి చేసి, వాల్వు మార్చిన తరువాతనే చేయవలసి ఉండేది. దానిని చూపి ఏ సిలిండరునైనా మార్చుకోవచ్చని చెప్పే వ్యాపారి మాట వినరాదు.

యజమాని గుర్తు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మార్కెట్‌లో తిరిగే సిలిండర్లలో అనేకం గ్యాసు నింపే కంపెనీల సొత్తు. డిపాజిట్టుపైనో, అద్దెకో దుకాణాలకు ఇచ్చినవి. వేరొక కంపెనీ ముద్ర ఉన్నదానిని రశీదు లేకుండా కొంటే దొంగసొత్తు కొన్నట్లే అయ్యే ప్రమాదమున్నది. ముద్రలను గ్రైండింగ్ యంత్రంతో అరగదీసిన సిలిండరు ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోరాదు. వరుస సంఖ్య లేనిదానిని ఏ పరీక్షా కేంద్రమూ స్వీకరించదు.

కాటాపై తూచి చూస్తే

తుప్పు ఉక్కును తింటుంది గనుక బరువు తగ్గుతుంది. ఖాళీ బరువులో 5 శాతానికి మించి తరుగు వచ్చిన సిలిండరును పనికిరానిదిగా పరిగణించాలని నిబంధనలు చెబుతున్నాయి. 60 కిలోల సిలిండరుకు ఇది 3 కిలోలు. ధాన్యం తూచే కాటా ఉంటే చాలు, భుజంపై చెక్కిన బరువుతో సరిచూసుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉన్నది. నిండు సిలిండరులోని ప్రాణవాయువే 9 కిలోలకు పైగా తూగుతుంది. సగం నిండినదానిని ఖాళీదని చెప్పి తూస్తే తరుగు కనపడదు. లోపల నీరు చేరినా అంతే. చెక్కిన బరువు వాల్వుతో కలిపినదా, లేనిదా అన్నదీ చూసుకోవాలి.

బయటి తనిఖీలో అడుగు భాగమే కీలకం. తడినేలపై ఏళ్ల తరబడి నిలబెట్టిన సిలిండరుకు అక్కడే గుంటల తుప్పు పడుతుంది. లోతైన గాటు, సొట్ట, ఉబ్బు ఉన్నవాటిని పక్కన పెట్టాలి. వెల్డింగ్ రాడ్డు తగిలి ఏర్పడిన చిన్న మచ్చను చాలామంది లెక్కచేయరు గానీ, ఆ చోట ఉక్కు పెళుసుబారి పగులుకు నాంది అవుతుంది. మంటల్లో చిక్కినదాని సంగతి చెప్పనక్కరలేదు. రంగు పొక్కులు లేచినా, వాల్వు కరిగిన ఆనవాళ్లున్నా బేరం ఆడరాదు. ఖాళీ సిలిండరును చిన్న సుత్తితో మెల్లగా తడితే గుడిగంటలా ఖంగుమని మోగాలని పాతకాలపు పనివారు చెబుతారు. లోపల తుప్పుగానీ, నూనెగానీ ఉంటే శబ్దం మొద్దుబారుతుంది. ఇది అనుమానానికి పనికివచ్చే గుర్తే తప్ప పీడన పరీక్షకు బదులు కాదు.

నీటితోనే ఎందుకు

పీడన పరీక్షను వాయువుతో గాక నీటితో చేయడానికి కారణమున్నది. 250 బార్ల పీడనం వద్ద సైతం నీరు దాదాపు ఒక శాతమే కుంచించుకుంటుంది. అందుచేత పరీక్షలో సిలిండరు పగిలినా ఒత్తిడి క్షణంలో పడిపోతుంది. వాయువైతే అణచిపెట్టిన స్ప్రింగులా ఒక్కసారిగా విచ్చుకుని ఉక్కు ముక్కలను విసురుతుంది.

ముందుగా వాల్వు విప్పి, లోపలికి దీపం దింపి గోడలను, మెడ మరలను పరిశీలిస్తారు. తరువాత నీరు నింపి, నీటితోనే నిండిన మరో పెద్ద తొట్టెలో ఉంచి మూత బిగిస్తారు. 150 బార్ల పని పీడనం గల సిలిండరుకు సుమారు 250 బార్ల వరకు ఒత్తిడి పెంచుతారు. ఉక్కు కొద్దిగా ఉబ్బి, తొట్టెలోని నీటిని బయటకు నెడుతుంది. ఆ నీటిని గాజు గొట్టంలో కొలుస్తారు. ఒత్తిడి తీసివేయగానే ఆరోగ్యవంతమైన ఉక్కు దాదాపు పూర్వస్థితికి వస్తుంది. బలహీనపడినది మొత్తం వెనక్కి రాదు. అలా మిగిలిపోయిన శాశ్వత వ్యాకోచం మొత్తం వ్యాకోచంలో 10 శాతానికి మించరాదు. మొత్తం 200 మిల్లీలీటర్లు ఉబ్బిన సిలిండరులో 20 మిల్లీలీటర్లకు మించి మిగిలితే అది తప్పినట్లే. నిలిచినదానిని వేడిగాలితో ఆరబెట్టి, భుజంపై కొత్త తేదీ చెక్కుతారు. ఆరబెట్టడంలో అశ్రద్ధ చేస్తే పరీక్ష చేసిన నీరే తుప్పుకు కారణమవుతుంది.

తప్పినదానిని యజమాని ఇంటికి తెచ్చుకుని మరొకరికి అంటగట్టే వీలు లేదు. తిరిగి అతికించి సిలిండరుగా మార్చలేని విధంగా దానిని నలగగొట్టాలని లేదా ముక్కలుగా కోయాలని నిబంధన. కనుక కొనేముందే ‘పరీక్షలో నిలవకపోతే సొమ్ము వాపసు’ అని రశీదుపై రాయించుకోవడం లేదా పరీక్ష ముగిసేదాకా సగం సొమ్ము నిలుపుకోవడం తెలివైన పని. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారు తన సరుకు సంగతి తానే చెప్పుకున్నట్లు.

ఈ నిబంధనలన్నీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద వెలువడిన 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల్లో ఉన్నాయి. అమలు బాధ్యత నాగపూర్ ప్రధాన కార్యాలయంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థది. వాడుకలో దీనిని పెసో అంటారు. పీడన పరీక్ష ఆ సంస్థ ఆమోదం పొందిన కేంద్రాల్లోనే జరగాలి. సమీపంలోని ఆక్సిజన్ నింపే ప్లాంటువారిని అడిగితే వారు సిలిండర్లను ఏ కేంద్రానికి పంపుతున్నదీ తెలుస్తుంది. నీటి పంపుతో ఒత్తిడి పెట్టి ‘బాగానే ఉంది’ అని చెప్పే స్థానిక మెకానిక్ మాటకు విలువ లేదు.

గ్యాస్ కటింగ్‌కు ఆక్సిజన్ పక్కన వాడే ఎసిటిలీన్ సిలిండరు సంగతి వేరు. దాని లోపల సూక్ష్మ రంధ్రాల పదార్థాన్ని దట్టించి, అసిటోన్ అనే ద్రవాన్ని పీల్పించి, అందులో వాయువును కరిగిస్తారు. దానికి నీటి పరీక్ష పనికిరాదు. లోపలి పదార్థం స్థితిని చూడవలసి ఉంటుంది. ఇది కంటికి తెలిసేది కాదు కనుక పాత ఎసిటిలీన్ సిలిండరు కొనకపోవడమే ఉత్తమం. ఆక్సిజన్ సిలిండరు వాల్వు బిగుసుకుపోయిందని నూనె, గ్రీజు పూయడం మరో ప్రమాదకరమైన అలవాటు. అధిక పీడనంలోని ప్రాణవాయువు తగిలితే గ్రీజు దానంతటదే అంటుకోగలదు.

నీటి అడుగున మరో లెక్క

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పాపికొండల విహార పడవ గోదావరిలో మునిగినప్పుడు నౌకాదళం, జాతీయ విపత్తు స్పందన దళం గాలింపులో పాల్గొన్నాయి. పడవను అక్టోబరు 22న వెలికితీశారు. ఆ తరువాత గాలి సిలిండరు వీపున కట్టుకుని నీటిలో దిగే స్కూబా పరికరాల పేరు గోదావరి తీరవాసులకు పరిచయమైంది. ఇటువంటి పాత ఉక్కు సిలిండర్లను కొనదలచిన ఈతగాళ్ల బృందాలకు పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. అదనంగా మరికొన్ని ఉన్నాయి.

12 లీటర్ల స్కూబా సిలిండరులో 200 బార్ల వద్ద సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. లోపల తేమ చేరితే, అందునా ఉప్పునీరైతే, ఉక్కు వేగంగా తుప్పుపడుతుంది. తుప్పు పట్టే క్రమంలో గాలిలోని ప్రాణవాయువు సైతం ఖర్చవుతుంది. ఏళ్ల తరబడి నిండుగా పడి ఉన్న సిలిండరులోని గాలిని అందుకే పీల్చరాదు. అయిదేళ్లకొకసారి పీడన పరీక్షతోపాటు ఏడాదికొకసారి వాల్వు విప్పి లోపల చూడడం అనేక దేశాల్లో ఆనవాయితీ. విదేశాల నుంచి వచ్చిన సిలిండర్ల మెడ మరలు రెండు మూడు కొలతల్లో ఉంటాయి. ఒకదాని వాల్వు మరొకదానికి వదులుగా ఎక్కుతుంది. గాలి నింపేటప్పుడు అది తూటాలా ఎగిరి ప్రాణాలు తీసిన ఉదంతాలున్నాయి.

వెల్డింగ్ ఆక్సిజన్‌తో నీటిలో దిగవచ్చన్న అపోహ మరింత ప్రమాదకరం. సుమారు 6 మీటర్ల లోతు దాటాక స్వచ్ఛమైన ప్రాణవాయువు విషతుల్యమై మూర్ఛ తెప్పిస్తుంది. నీటిలో మూర్ఛ అంటే మరణమే. పంక్చరు దుకాణం కంప్రెసర్ గాలి కూడా పనికిరాదు. అందులో నూనె ఆవిరి, ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కలిసే అవకాశముంది.

కొన్నాక ఇంటికి చేర్చడం దగ్గరే చాలామంది నియమం తప్పుతారు. వాయువు నింపిన సిలిండరును సైకిలుపైగానీ, మోటారు సైకిలు, మోపెడ్‌లపైగానీ తీసుకువెళ్లడం నిషిద్ధం. ఆటో ట్రాలీలో దొర్లకుండా కట్టి, వాల్వుకు టోపీ బిగించి తీసుకురావాలి. దుకాణంలో నిలువుగా గొలుసుతో కట్టి ఉంచాలి. పరీక్షా కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రాన్ని కొనుగోలు రశీదుతో కలిపి భద్రపరచాలి.