పేక మధ్యలోంచి వచ్చిన ముక్క: 1932లో ఒక గారడీవాడి వేట

పండక్కి మేడ మీద చాప వేసుకుని పేకాడే ఇళ్లల్లో పెరిగినవాళ్లకి ఒక రూల్ బాగా తెలుసు. ఒకరు ముక్కలు కలుపుతారు, కలిపి పక్కవాళ్ల ముందు పెడతారు, వాళ్లు కట్ చేస్తారు. ఆ తర్వాతే పంచడం. కలిపింది సొంత బాబాయే అయినా సరే, కట్ లేకుండా పంచితే ఎవరూ ఊరుకోరు.

ఈ కట్ ఎందుకు పుట్టింది? కలిపేవాడి మీద నమ్మకం లేక. వాడు ఆసులన్నీ కిందో మీదో దాచుకున్నా, పక్కవాడు ఒక్కసారి కట్ చేస్తే ఆ ముక్కలు పేక మధ్యలోకి వెళ్లిపోతాయి. ఎక్కడికి వెళ్లాయో తెలిసినా వాడేం చెయ్యలేడు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇదొక సెక్యూరిటీ చెక్. ఖర్చు లేదు, రెండు సెకన్లు పడుతుంది, ఎన్నో తరాలుగా పని చేస్తోంది.

ఇవాళ్టి కథ ఆ చెక్‌ని చేత్తో దాటేసిన ఒక మనిషిది, అతని కోసం ఊళ్లు పట్టుకుని తిరిగిన ఇంకో మనిషిది.

ముందు ఆ రెండో మనిషి గురించి. పేరు డాయ్ వెర్నన్. 1894లో కెనడాలోని ఒట్టావాలో పుట్టాడు. చిన్నప్పుడే అతని చేతికి ఒక పుస్తకం దొరికింది. 1902లో షికాగోలో అచ్చయిన 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్' అది. రాసినవాడి పేరు ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అని ఉంటుంది, కానీ అది మారుపేరు. అసలు మనిషి ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. పేకలో మోసం ఎలా చేస్తారో, చేతివేళ్లు ఎక్కడ ఎలా ఉండాలో బొమ్మలతో సహా అందులో ఉంది. వెర్నన్ దాన్ని బట్టీ పట్టేశాడు.

1922లో షికాగోలో హుడినీ ఎదురయ్యాడు. ఏ ట్రిక్ అయినా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పేస్తానని గొప్పలు పోయే హుడినీ. వెర్నన్ అతని చేత ఒక ముక్క మీద సంతకం పెట్టించాడు. దాన్ని పైనుంచి రెండో ముక్కగా పెట్టినట్టు చూపించాడు, మళ్లీ చూస్తే అది పైనే ఉంది. మూడుసార్లు దాటిపోయి మళ్లీ మళ్లీ చేసినా హుడినీ పట్టుకోలేకపోయాడు. అప్పట్నుంచి వెర్నన్‌కి 'హుడినీని బోల్తా కొట్టించిన మనిషి' అన్న పేరు వచ్చింది.

ఇంత చేతివాటం ఉన్నా వెర్నన్ పొట్ట నింపింది పేక కాదు, కత్తెర. ఎదుటి మనిషి ముఖాన్ని పక్కనుంచి చూస్తూ నల్లకాగితంలో కత్తిరించి ఇచ్చేవాడు. 1929లో అమెరికా మార్కెట్ కూలిపోయింది, ఎక్కడ చూసినా ఉద్యోగాలు పోతున్నాయి. అలాంటి రోజుల్లో, 1932లో, భార్యాబిడ్డలతో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా ఊళ్లో ఉన్నాడు. అక్కడి జైల్లో ఒక మెక్సికన్ జూదరి ఉన్నాడని తెలిసింది. పేరు అమడోర్ విల్యాసెన్యోర్, హత్య కేసులో లోపల ఉన్నాడు. కొత్త ఎత్తు ఏదైనా దొరుకుతుందేమోనని వెర్నన్ అతన్ని కలవడానికి వెళ్లాడు.

మాటల్లో ఆ ఖైదీ ఒక సంగతి చెప్పాడు. కాన్సాస్ సిటీలో ఒకడు పేక మధ్యలోంచి ముక్కలు పంచుతుంటే తన కళ్లతో చూశానని.

వెర్నన్‌కి ఇది ఎందుకు పిడుగులా తగిలిందో అర్థం కావాలంటే కొంచెం టెక్నికల్‌గా వెళ్లాలి. ఓపిక పట్టండి, ఇదే అసలు విషయం.

పంచడంలో మోసాలు అప్పటికే రెండు రకాలు బాగా తెలుసు. ఒకటి, పైముక్క ఇస్తున్నట్టు కనిపిస్తూ దాని కిందున్న రెండో ముక్క ఇవ్వడం. రెండు, పైది ఇస్తున్నట్టు కనిపిస్తూ అన్నిటికన్నా అడుగున ఉన్నది ఇవ్వడం. రెండూ ఎర్డ్‌నేస్ పుస్తకంలో ఉన్నాయి. రెండూ నేర్చుకోవడం కష్టమే. కానీ రెండింటినీ ఆ కట్ దెబ్బ తీస్తుంది. అడుగున దాచిన ఆసులు కట్ తర్వాత అడుగున ఉండవు కదా.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. నాలుగు ఆసులు అడుగున ఉన్నాయి. పక్కవాడు పైసగం తీసి కింద పెట్టాడు. మిగిలిన సగాన్ని దాని మీద పెడతారు. అంటే ఆసులు ఇప్పుడు పైసగానికి అడుగున, పేకకి సరిగ్గా నడుమ ఉన్నాయి. రెండు సగాలు కలిసేచోట వెంట్రుకవాసి సందు ఒకటి మిగుల్చుకుంటే, ఆసులు ఎక్కడున్నాయో వేలికి తెలుస్తూనే ఉంటుంది. అక్కణ్నుంచి ఒక్కో ముక్కని కుడివైపుకి తొయ్యాలి. పైన సగం పేక బరువు, కింద సగం పేక రాపిడి. ఈ రెండింటి మధ్య నుంచి ఒక్కటంటే ఒక్క ముక్క రావాలి. రెండొస్తే పట్టుబడ్డట్టే. పక్కముక్కలు కదలకూడదు. చప్పుడు తేడా రాకూడదు. మామూలుగా పంచేటప్పుడున్న వేగం మారకూడదు. అదే సమయంలో బొటనవేలు పైముక్కని కాస్త ముందుకి తోసి వెనక్కి లాగాలి, చూసేవాళ్లకి ఇచ్చింది అదే అనిపించేలా.

నేను ఈ ఎపిసోడ్ కోసం ఒక పేక కొని, ఇందులో తేలికైనదాన్ని, అంటే అడుగుముక్క పంచడాన్ని, నెలరోజులు ప్రయత్నించాను. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసుకుని చూసుకున్నాను. ఎలా చెయ్యాలో మొదటి రోజే పూర్తిగా తెలిసింది. నెల తర్వాత కూడా నా చిటికెనవేలికి ఆ సంగతి తెలియలేదు! మధ్యముక్క జోలికి నేను వెళ్లనే లేదు.

అందుకే అప్పటి గారడీవాళ్లు ఇది అసాధ్యం అనుకునేవాళ్లు. జూదరులు చెప్పుకునే కట్టుకథల్లో ఒకటిగా చూసేవాళ్లు. వెర్నన్ మాత్రం బయల్దేరాడు.

అప్పటి కాన్సాస్ సిటీ మామూలు ఊరు కాదు. టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ పెద్ద చేతిలో ఉండేది. దేశమంతా మద్యనిషేధం ఉన్నా అక్కడ మందు, జూదం బాహాటంగా నడిచేవి. చార్లీ మిల్లర్ అనే కుర్ర గారడీవాడితో కలిసి వెర్నన్ అక్కడ వెతికాడు. సమస్య ఏంటంటే, వెతుకుతున్నది ఒక మోసగాణ్ని. 'మధ్యలోంచి పంచేవాడు ఎవరు?' అని అడిగితే ఏ జూదరి చెప్తాడు? చెబితే వాడి పొట్ట కొట్టినట్టే కదా. ఒకరి నుంచి ఒకరిని పట్టుకుంటూ పోతే చివరికి ఒక ఊరి పేరు దొరికింది. ప్లెజంట్ హిల్, మిస్సోరి రాష్ట్రం. కాన్సాస్ సిటీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, రైలు ఆగే చిన్న ఊరు.

అక్కడా పెద్దవాళ్లెవరూ నోరు విప్పలేదు. వెర్నన్ తర్వాత చెప్పుకున్న కథ ప్రకారం, ఐస్‌క్రీమ్ తింటున్న ఒక చిన్నపిల్లని అడిగితే ఆ పాప వేలు పెట్టి ఇల్లు చూపించింది.

ఆ ఇంట్లో ఉన్నవాడు అలెన్ కెనెడీ. వెర్నన్ తనకి వచ్చినవి చేసి చూపించాక కెనెడీ పేక అందుకున్నాడు. మధ్యలోంచి పంచాడు. అప్పటికి తన తరంలో పేక మీద అందరికన్నా పదునైన కళ్లున్న మనిషి, ఏం జరగబోతోందో ముందే తెలిసిన మనిషి, ఎదురుగా కూర్చుని చూశాడు. ఏమీ కనిపించలేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా బరువుగా అనిపించేది కెనెడీ సంగతే. ఈ ఎత్తు కోసం ఏళ్లకేళ్లు ఒంటరిగా సాధన చేశాడు. కానీ అది ఎంత బాగా వస్తే అంత ఎవరికీ కనిపించదు. చప్పట్లు ఉండవు. ఎవరైనా 'అబ్బా' అన్నారంటే దొరికిపోయాడని అర్థం, అలాంటి బల్లల దగ్గర దొరికిపోతే ప్రాణం మీదకి రావచ్చు. పోగొట్టుకున్నవాళ్లకి తాము ఎలా పోగొట్టుకున్నామో కూడా తెలియదు. అది నిజంగా మోసమే, వాళ్ల కష్టార్జితమే, దాన్ని నేను వెనకేసుకురావట్లేదు. కానీ ఆ చేతి పనితనాన్ని పనితనంగా చూసి మెచ్చుకున్న మొదటి ప్రేక్షకుల్లో బహుశా వెర్నన్ ఒకడు. అందుకే కావచ్చు, ఎన్నాళ్లో దాచుకున్న ఎత్తుని కెనెడీ అతనికి నేర్పించాడు.

వెర్నన్ దానితో జూదం ఆడలేదు. గారడీవాళ్ల మధ్యకి తీసుకొచ్చాడు. కెనెడీ పేరు ఈరోజు మనకి తెలిసింది ఆ దారిలోనే. కార్ల్ జాన్సన్ అనే రచయిత ఈ మొత్తం వేట మీద 2005లో 'ది మెజీషియన్ అండ్ ద కార్డ్‌షార్ప్' అనే పుస్తకం రాశాడు.

వెర్నన్ తన చివరి దశాబ్దాల్లో ఎక్కువకాలం హాలీవుడ్‌లోని మ్యాజిక్ కాసిల్‌లో కుర్రవాళ్లకి నేర్పుతూ గడిపాడు. 1992లో, 98 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ శిష్యుల్లో ఒకడు రిచర్డ్ టర్నర్. ఇతనికి తొమ్మిదేళ్ల వయసులో చూపు తగ్గడం మొదలై తర్వాత పూర్తిగా పోయింది. రోజుకి పది గంటలకి పైగా పేక చేతిలో పట్టుకుని సాధన చేసిన మనిషి. 2017లో వచ్చిన 'డెల్ట్' అనే డాక్యుమెంటరీ ఇతని మీదే. వీలైతే చూడండి. మనం కళ్లు పెట్టి వెతికేదాన్ని అతను వేళ్లతో చదువుతాడు.

ఇప్పుడు మీ ఫోన్‌లో వెతికితే మధ్యముక్క ఎలా పంచాలో చెప్పే వీడియోలు దొరుకుతాయి. వెర్నన్ జైలుకెళ్లి, ఊళ్లు తిరిగి తెలుసుకున్న రహస్యం మీకు బస్సు వచ్చేలోపు తెలిసిపోతుంది. కానీ ఆ తర్వాతి భాగం, అంటే తెలిసినదాన్ని చేతికి ఎక్కించుకోవడం, 1932లో ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది. ఆ ఒక్కదానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కొత్త అప్‌డేట్ ఇవ్వలేదు.

మీ ఇంట్లోనో ఊళ్లోనో ఇలా ఎవరికీ కనిపించని చేతిపని ఏదైనా తెలిసినవాళ్లుంటే కింద రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు పేకాడితే మాత్రం కట్ చెయ్యడం మర్చిపోకండి. ఉంటాను మరి!