పదమూడు ముక్కలాట

పదమూడు ముక్కలాట లేదా రమ్మీ తెలుగునాట బహుళ ప్రాచుర్యం పొందిన పేకాట. ఆటగాడికి పదమూడు ముక్కలు పంచుతారు కనుక ఈ పేరు వచ్చింది. గ్రామపు అరుగుల మీద, క్లబ్బులలో, పెళ్ళి విడిదిళ్ళలో దీనిని ఆడుతారు. ఒక పంపకం ముగిసిన వెంటనే ముక్కలు పరచి, ఎవరు ఏ ముక్క ఎందుకు వదిలారని వాదించుకొనుట ఈ ఆటలో విడదీయరాని భాగం. ఇది అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది.

ఆట విధానం

సాధారణంగా రెండు పేకలు, వాటితో పాటు జోకర్లు కలిపి ఆడుతారు. పేక నుండి తీసిన ఒక ముక్క అంకెను బట్టి ఆ పంపకానికి మరొక జోకరు ఏర్పడుతుంది. కనీసం రెండు వరుసలు ఉండాలి, వాటిలో ఒకటి జోకరు లేనిదై ఉండాలి. మిగిలిన ముక్కలను వరుసలుగా గాని, ఒకే అంకె గల వేర్వేరు రంగుల జట్లుగా గాని కూర్చాలి. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి పాయింట్లు, మిగిలిన వాటికి వాటి అంకె ఎంతో అంత. నూటొకటి ఆటలో ముక్క ఎత్తకముందే తప్పుకుంటే 20, మధ్యలో తప్పుకుంటే 40, పూర్తిగా ఓడితే గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి. తప్పుకొనుటను మన ప్రాంతంలో స్కూటు అంటారు. మొత్తం 101కి చేరినవాడు ఆట నుండి వెళ్ళిపోతాడు.

చేతి నిర్ణయాలు

మొదటి నిర్ణయం స్కూటా, ఆటా అన్నది. ఒక రకపు చేతితో పదిసార్లు ఆడితే మూడుసార్లు గెలిచి, ఏడుసార్లు సగటున 45 పాయింట్లతో ఓడుతామనుకుందాం. అప్పుడు పంపకానికి సగటున 31.5 పాయింట్లు పడుతున్నట్లు. స్కూటుకు 20 మాత్రమే కనుక తప్పుకొనుటే మేలు. ఓటమి సగటు 25కు తగ్గితే లెక్క 17.5 అవుతుంది, అప్పుడు ఆడవచ్చును. గెలిచిన మూడు పంపకాలలో ఎదుటివారికి పడే పాయింట్లు కూడా లాభమే కనుక అసలు లెక్క ఇంకొంత ఆటవైపు మొగ్గుతుంది. ఈ సగటులు ఎవరూ వ్రాసి ఇవ్వరు. అనుభవం నుండి, తోటివారితో వాదం నుండి వస్తాయి.

ఒక ఉదాహరణ. చేతిలో ఇస్పేటు 4, 5, 6, ఆఠీను 9, 10, కళావరు రాజు, డైమను రాజు, ఒక జోకరు, మిగిలినవి డైమను 2, 7, కళావరు 3, జాకీ, ఇస్పేటు రాణి. అసలైన వరుస ఉన్నది. ఏ జత ఉంచాలి? ఆఠీను వరుసకు 8 గాని జాకీ గాని కావాలి, రెండు పేకలలో అవి మొత్తం నాలుగు. రాజుల జట్టుకు ఆఠీను రాజు గాని ఇస్పేటు రాజు గాని కావాలి, అవీ నాలుగే. అవకాశం సమానమే అయినా విలువ సమానం కాదు. రెండవ వరుస తప్పనిసరి, రాజుల జట్టు తప్పనిసరి కాదు. అందువలన జోకరును ముందుగా 9, 10ల ప్రక్కన ఊహించుకొని, ఒంటరి రాణిని, జాకీని మొదట వదలుట మంచి ఆట. తరువాత ఆఠీను జాకీ వస్తే జోకరు విడుదలై రాజులకు పనికివస్తుంది.

ఇంతలో ఎదుటివాడు తెరచిన ముక్కల నుండి ఆఠీను 8 ఎత్తుకొన్నాడనుకోండి. మనకు పనికివచ్చే నాలుగింటిలో ఒకటి పోయింది. అంతేకాదు, అతడు ఆ రంగులోనే వరుస కడుతున్నాడో, ఎనిమిదుల జట్టు కడుతున్నాడో మరుసటి రెండు మూడు ముక్కలతో తెలిసిపోతుంది. పడిన ముక్కలను గుర్తుంచుకోనివాడికి ఈ సమాచారం ఉండదు.

తరువాతి చర్చలలో ఎక్కువగా కనబడే దోషం ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పుట. స్కూటు వేసినవాడి ముక్క తరువాత పేకలో కనబడితే అందరూ నవ్వుతారు. ఆ సమయానికి తెలిసినంతలో అతడు చేసినది సరియే కావచ్చును. పోకరు రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ కూడా నిర్ణయాన్ని గెలుపు ఓటములను బట్టి కొలవలేదు. ఎదుటివారి ముక్కలు కనబడితే ఎలా ఆడేవాడివో అలాగే ఆడినప్పుడు లాభం అన్నది ఆయన సూత్రం. రమ్మీకి కూడా ఇది చాలావరకు సరిపోతుంది, అయితే పోకరులోని బుకాయింపు ఇక్కడ తక్కువ.

న్యాయస్థానం ముందు

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేసి, హైదరాబాదు జూద చట్టం క్రింద కేసు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న ఈ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు ఇచ్చింది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకొనుట, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియుట అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్య క్రీడ అని, మూడు ముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదని తేల్చింది. పంపకంలోని అదృష్టం బ్రిడ్జిలో ఉన్నటువంటిదే అన్నది. అయితే క్లబ్బు ఆట నుండి లాభం చేసుకుంటే నేరం కావచ్చునని హెచ్చరించింది. అరుగు మీద వాదించుకొనే విషయమే ఆ తీర్పుకు ఆధారమైందని చెప్పవచ్చును.

ఖమ్మం, భద్రాచలం సరిహద్దున

ఈ ప్రాంతంలో చట్టం చాలాసార్లు మారింది. ఖమ్మం నిజాం రాజ్యంలో, గోదావరి ఆవలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. కనుక ఒకచోట హైదరాబాదు చట్టం, మరొకచోట 1930 నాటి మద్రాసు చట్టం. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నైపుణ్య క్రీడలను మినహాయించింది. 2014లో రాష్ట్ర విభజనతో పట్టణం తెలంగాణలో ఉండిపోగా, చుట్టూ ఉన్న పలు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. దానితో అడవి దారిలో కొద్ది దూరం నడిస్తే వేరొక శాసనసభ పరిధి వస్తుంది.

తెలంగాణ 2017లో తన చట్టాన్ని సవరించి, ధనం ఒడ్డి ఆడే నైపుణ్య క్రీడలను కూడా జూదంగా చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అంటే 1967 నాటి విభజన రేఖకు ఆ చట్టంలో స్థానం లేదు. అప్పులపాలైన కుటుంబాలను చూసినవారు దీనిని తప్పు పట్టరు. డబ్బు లేకుండా, కేవలం పాయింట్ల కొరకు ఆడే రమ్మీకి ఈ నిషేధం వర్తించదు.