పోటున్న ప్రతి చోటూ తగిన చోటేనా?

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుల దగ్గర హుగ్లీ ఒడ్డున ఒక పూట నిలబడి చూడండి. సముద్రం వైపు సాగిపోతున్న నది కొద్ది గంటల్లో నెమ్మదిస్తుంది, ఆగుతుంది, ఆ తరువాత వెనక్కి తిరిగి ఎగువకు పరుగెడుతుంది. సముద్రం అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా దాని పోటు నగరం దాకా వస్తుంది. కొన్ని అమావాస్య, పున్నమి రోజుల్లో ఈ పోటు నీటిగోడలా లేచి నదికి ఎదురు వస్తుంది. బెంగాలీలు దీన్ని ‘బాన్’ అంటారు. అది వస్తున్నదని తెలిస్తే పడవవాళ్లు ఒడ్డు విడిచి నది నడిమికి వెళ్లిపోతారు.

ఇంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చిపోతూ ఉంటే, దాని దారిలో టర్బైన్లు పెట్టి విద్యుత్తు తీయలేమా? ఈ ప్రశ్న మీకు తోచే ఉంటుంది. ఇంజనీర్లకూ తోచింది. వారు వెతుక్కున్న చోటు కోల్‌కతాకు దక్షిణాన ఉన్న సుందరవనాల్లో ఉంది. అక్కడికి వెళ్లేముందు మనం దారిలో కానింగ్ అనే ఊళ్లో కాసేపు ఆగాలి.

పిడింగ్టన్ హెచ్చరిక

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో కలకత్తా వర్తకులకు ఒక భయం పట్టుకుంది. హుగ్లీ మేట వేసుకుపోతున్నది, ఓడలు రాలేని రోజు వస్తుందేమోనని. అందుకని మాత్లా నది మీద మరో రేవు కట్టాలనుకున్నారు. లోతైన నీరు, వెడల్పైన నది. చూడటానికి అన్నీ అనుకూలంగానే ఉన్నాయి.

ఒక్క మనిషి మాత్రం వద్దన్నాడు. ఆయన హెన్రీ పిడింగ్టన్. తుపానులను అధ్యయనం చేసి, ‘సైక్లోన్’ అనే మాటను లోకానికి ఇచ్చినవాడు. ఏదో ఒకరోజు తుపానుతో పాటు ఉప్పెన వచ్చి ఈ రేవును ముంచెత్తుతుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. ఎవరూ వినలేదు. రేవు కట్టారు, కలకత్తా నుంచి రైలు వేశారు, గవర్నర్ జనరల్ పేరు పెట్టారు. 1867 నవంబరు మొదటి తేదీన తుపాను వచ్చింది. సుమారు ఆరడుగుల ఎత్తున ఉప్పెన ఊరి మీదుగా పారింది. కొద్ది ఏళ్లకే రేవును వదిలేశారు. పిడింగ్టన్ అది చూడలేదు, 1858లోనే చనిపోయాడు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, నీటి లోతు కొలిచినవారు నీటి స్వభావాన్ని కొలవడం మరచిపోయారు. పోటువిద్యుత్తుకు చోటు వెతికేటప్పుడు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే.

శక్తి లెక్క

పోటు నుంచి విద్యుత్తు తీయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది ఆనకట్ట పద్ధతి. పాయకు అడ్డంగా కట్ట కట్టి తలుపులు పెడతారు. పోటు వేళ నీటిని లోపలికి రానిచ్చి తలుపులు మూస్తారు. బయట నీరు దిగిపోయాక, లోపలి నీటిని టర్బైన్ల గుండా వదులుతారు. గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇందులో దొరికే శక్తి, పోటుకూ పాటుకూ మధ్య ఉన్న ఎత్తు తేడా వర్గానికి అనులోమంగా ఉంటుంది. అంటే తేడా రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు.

రెండోది ప్రవాహ పద్ధతి. కట్ట ఉండదు. గాలిమరను నీటిలో ముంచినట్లు ప్రవాహంలోనే టర్బైన్ నిలుపుతారు. ఇక్కడ శక్తి నీటి వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. వేగం సగానికి తగ్గితే దక్కేది ఎనిమిదో వంతే.

ఈ లెక్కతో మన తీరాన్ని చూడండి. విశాఖపట్నంలో పోటుపాట్ల తేడా రెండు మీటర్ల లోపే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది గరిష్ఠంగా 11 మీటర్లు, సగటున 6.77 మీటర్లు. కచ్ సింధుశాఖలో గరిష్ఠం 8, సగటు 5.23. సుందరవనాల్లో గరిష్ఠం సుమారు 5, సగటు 2.97 మీటర్లు. ఖంభాత్ సగటు సుందరవనాల సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువ. కాబట్టి అదే విస్తీర్ణంలో దొరికే శక్తి ఐదు రెట్ల పైమాటే.

దుర్గాదుయాని పాయ

అయినా సుందరవనాల వైపు ఎందుకు చూశారు? అక్కడ అవసరం ఉండేది. దీవుల మధ్య వెడల్పైన నదులుండటం వల్ల విద్యుత్ తీగలు లాగడం చాలా కష్టమయింది. అప్పట్లో సాయంత్రమైతే పిల్లలు కిరోసిన్ దీపం ముందు చదువుకునే ఊళ్లవి. గోసాబాలో 1997లో కట్టెను వాయువుగా మార్చి నడిపే 500 కిలోవాట్ల కేంద్రం పెట్టారు. అయినా అవసరం తీరలేదు.

ఆ తరువాత పశ్చిమ బెంగాల్ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, గోసాబా, బాలి-బిజయనగర్ దీవుల దగ్గర ఉన్న దుర్గాదుయాని పాయను ఎంచుకుంది. 3.75 మెగావాట్ల కేంద్రం కట్టాలని సంకల్పం. 2008లో జాతీయ జలవిద్యుత్ సంస్థ తోడయింది. ఖర్చులో తొంభై శాతం కేంద్రం భరిస్తానన్నది. మొదట వేసిన అంచనా సుమారు 40 కోట్ల రూపాయలు. టెండర్లు తెరిచేసరికి మెగావాటుకు 63.5 కోట్లు, మొత్తం సుమారు 238 కోట్లు తేలింది. పథకాన్ని విరమించుకున్నారు. సగటున మూడు మీటర్ల తేడా మీద, మెత్తని ఒండ్రు నేల మీద, చిన్న కేంద్రం కట్టడం ఎంత ఖరీదో అలా తెలిసింది.

ఖర్చు కుదిరి ఉంటే? అప్పుడు మరికొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. సుందరవనాల్లో మడచెట్ల వేర్లు రోజుకు రెండుసార్లు మునిగి, రెండుసార్లు తేలాలి. కట్టతో ఆ లయ మారితే అవి ఏమవుతాయి? ఇక్కడి నీరు మట్టి మోసుకొచ్చే నీరు. తలుపుల వెనుక నీరు నిలిస్తే మట్టి దిగుతుంది, పాయ పూడుతుంది. పీతలు పట్టేవారు, రొయ్యపిల్లలు ఏరేవారు, పడవ మీదే ఆస్పత్రికి వెళ్లేవారు ఏ దారిన పోవాలి? 2009 మే 25న వచ్చిన ఐలా తుపాను వందల కిలోమీటర్ల కరకట్టలను దెబ్బతీసింది. పిడింగ్టన్ మాట మళ్లీ గుర్తుకు రావడం లేదూ?

ఇతర దేశాల అనుభవం

ఫ్రాన్సులో లా రాన్స్ నదీముఖం దగ్గర 1966లో 240 మెగావాట్ల కేంద్రం మొదలయింది. దాన్ని కట్టేటప్పుడు సుమారు మూడేళ్లు నదీముఖాన్ని సముద్రం నుంచి వేరు చేశారు. లోపలి సముద్రజీవులు దాదాపు అంతరించాయి. కొత్త సమతౌల్యం ఏర్పడటానికి పదేళ్లు పట్టింది. కెనడాలో 1984లో మొదలైన 20 మెగావాట్ల అన్నపోలిస్ కేంద్రం 2019లో మూతపడింది. యంత్రం చెడటంతో పాటు, టర్బైన్లలో చేపలు చనిపోతున్నాయన్న ఆక్షేపణ కూడా అందుకు కారణం.

దక్షిణ కొరియా అనుభవం వేరు. అక్కడ సిహ్వా దగ్గర 1994లో సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు. లోపలి నీరు మురిగిపోయింది. 2011లో ఆ గోడలోనే 254 మెగావాట్ల కేంద్రం పెట్టి, సముద్రపు నీటిని మళ్లీ లోపలికి రానిచ్చారు. నీరు బాగుపడింది. కొత్తగా ఒక పాయను మూసే పని లేకుండా, మూసిన పాయను తెరవడం ద్వారా విద్యుత్తు వచ్చిందన్నమాట.

ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాంగ్‌ఫర్డ్ దగ్గర 2008లో 1.2 మెగావాట్ల ప్రవాహ టర్బైన్ నిలిపారు. అక్కడ సీల్ జంతువులు తిరుగుతాయి. అవి దగ్గరకొస్తే సోనార్ ద్వారా గుర్తించి యంత్రాన్ని ఆపేవారు. ఏళ్ల తరబడి గమనించి, ఆ తరువాతే ప్రభావం తక్కువని చెప్పారు.

చోటు ఎలా ఎంచాలి?

ఇప్పుడు మీరే ఒక పటం తీసుకోండి. మొదట పోటు ఎత్తు, నీటి వేగం బాగా ఉన్న చోట్లు గుర్తించండి. వాటిలో నుంచి జీవులు గుడ్లు పెట్టే చోట్లు, వలసదారులు, రక్షిత ప్రాంతాలు తీసివేయండి. కచ్ సింధుశాఖలో పోటు బాగుంది కానీ, మన మొదటి సముద్ర జాతీయ ఉద్యానం కూడా 1982 నుంచి అక్కడే ఉంది. తరువాత ఓడల దారులు, చేపల వేట జరిగే చోట్లు తీసివేయండి. మట్టి ఎటు కదులుతుందో కనీసం కొన్ని రుతువుల పాటు కొలవండి. చివరికి మిగిలినవాటి దగ్గర విద్యుత్తు కావలసినవారు ఉన్నారో లేదో చూడండి.

పటం మీద మిగిలేవి కొన్ని చుక్కలే కావచ్చు. నిరుత్సాహపడకండి. సౌరశక్తికి మబ్బు అడ్డం, గాలికి నిలకడ లేదు. పోటు వేళను మాత్రం ఏళ్ల ముందే లెక్కగట్టవచ్చు. 1879లోనే భారతదేశపు రేవుల కోసం లండన్‌లో ఎడ్వర్డ్ రాబర్ట్స్ పోటుపాట్లను లెక్కించే యంత్రాన్ని తయారు చేయించాడు. పోటు ఎప్పుడొస్తుందో చెప్పడం మనకు ఆనాడే చేతనైంది. అది ఎక్కడ మనకు విద్యుత్తునిచ్చి, మడ అడవికీ పడవవాడికీ చేటు చేయకుండా ఉంటుందో తేల్చే పని ఇంకా మిగిలే ఉంది. ఆ పని చేయవలసినవారిలో ఈ వ్యాసం చదువుతున్న మీరూ ఉండవచ్చు.