పిల్లికూన ఎంపిక, ఇంటి ఏర్పాట్లు: హైదరాబాద్ పాతబస్తీ

మూసీ నదికి దక్షిణాన, 1591 నాటి చార్మినార్ చుట్టూ పెరిగిన హైదరాబాద్ పాతబస్తీలో పిల్లి ఎంతోకాలంగా మనుషుల మధ్యే మసలుతోంది. షాలిబండ, హుస్సేనీ ఆలం, యాకుత్‌పురా వంటి పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మిద్దె ఎక్కిన పిల్లి నేల తొక్కకుండానే గల్లీ చివరిదాకా పోగలదు. ఇక్కడి ముస్లిం కుటుంబాల్లో కుక్క కంటే పిల్లికి ఆదరణ ఎక్కువ. పిల్లి మూతి పెట్టినంత మాత్రాన నీళ్లు అపవిత్రం కావని హదీసు చెబుతుంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీకి పడిన శిక్ష ప్రస్తావన కూడా హదీసుల్లో ఉంది.

ఎక్కడి కూన, ఏ వయసు కూన

పెంపుడు జంతువుల దుకాణాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లికూనను అమ్మకూడదు. దీనికి తగిన కారణం ఉంది. కూన నాలుగో వారం నుంచి మెల్లగా ముద్ద తినడం నేర్చి, ఎనిమిదో వారానికి తల్లిపాలు దాదాపు మానేస్తుంది. రెండు నుంచి ఏడు వారాల మధ్య తల్లితో, తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కొరకవచ్చో నేర్చుకుంటుంది. మనిషి చేతికి మాలిమి అయ్యేదీ అప్పుడే. ముందుగానే విడదీసిన కూన పెద్దయ్యాక బెదురుగా, కరిచే స్వభావంతో తయారయ్యే అవకాశం ఎక్కువ.

పాతబస్తీవాసికి అన్నిటికంటే మేలైన కూన చాలాసార్లు పక్కింటి మిద్దె మీదే పుట్టి ఉంటుంది. తల్లి ఎలాంటిదో తెలుస్తుంది, కూనను రోజూ చూసి మచ్చిక చేసుకోవచ్చు, కొనే అవసరమూ ఉండదు. అయితే ఒంటరిగా కనబడిన ప్రతి కూనా అనాథ కాదు. తల్లి తన పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చోటు మారుస్తుంది. అందుకే కొన్ని గంటలు దూరం నుంచి గమనించాకే చెయ్యి వేయాలి.

చప్పిడి ముక్కు, ఒత్తు బొచ్చు ఉన్న పర్షియన్ పిల్లిపై మోజు నగరంలో బాగా కనిపిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, గాలి ఆడని ఇరుకు గదిలో దానికి ఊపిరి తీసుకోవడమే కష్టం. రోజూ దువ్వే తీరిక, చల్లని గది లేని ఇంటికి దాన్ని తేవడం ఆ ప్రాణిని హింసపెట్టడమే. నాటు పిల్లి ఈ వాతావరణంలోనే తరతరాలుగా బతుకుతోంది.

రెండు నెలల కూన సుమారు 800 గ్రాములు తూగాలి. కళ్లలో పుసి, ముక్కు కారడం, తోక కింద తడి ఉండకూడదు. పొట్ట మాత్రమే ఉబ్బి వెన్ను బక్కగా ఉంటే నట్టలు ఉన్నట్టు అనుమానించాలి. చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి చెవి పురుగులకు గుర్తు. మూడు రంగుల కూన దాదాపు ఎప్పుడూ ఆడదే. నీలి కళ్ల తెల్లకూనల్లో చెవుడు ఎక్కువ కాబట్టి అలాంటి కూన వెనక చప్పట్లు కొట్టి చూడాలి.

ఇల్లు

పాతబస్తీలో చాలా ఇళ్లు పనిశాలలు కూడా. జర్దోజి, మగ్గం పని, కుట్టుపని, ముత్యాలు గుచ్చడం ఇళ్లలోనే సాగుతాయి. కూనకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలి వైపు వంగి ఉంటాయి, అందువల్ల నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేక మింగుతూనే ఉంటుంది. దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే, రెండో కొస పేగును కుచ్చులా ముడుచుకునేలా లాగి చివరికి కోసేస్తుంది. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకూడదు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పని ముగిశాక సూదులు, జరీ తునకలు, దారపు ఉండలు మూత ఉన్న డబ్బాలోకి చేరాలి. సంక్రాంతి తర్వాత మిద్దెల మీద వారాల తరబడి మిగిలిపోయే గాలిపటాల మాంజా దారాన్ని ఏరి పారేయాలి.

నేల తుడిచే ఫినాయిల్ మరో ముప్పు. ఆ రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, విషం ఎక్కుతుంది. మనుషుల పారాసిటమాల్ మాత్ర ఒక్కటి కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

మొదటి వారం కూనను ఒకే గదిలో ఉంచడం మంచిది. విసర్జన కోసం ఇసుక లేదా రంపపు పొట్టు పోసిన వెడల్పాటి తొట్టిని తిండి గిన్నెకు దూరంగా పెట్టాలి. కిటికీలకు జాలీ బిగించాలి. మిద్దె మీద పావురాలు పెంచే ఇంట్లో గూళ్ల తలుపులు గట్టివో కాదో ముందే చూసుకోవాలి.

తిండి, టీకాలు

గేదె పాలు కూనకు విరేచనాలు తెస్తాయి. మాంసం కొట్టు తునకలతో మాత్రమే పెంచినా ప్రమాదమే, ఎముక లేని మాంసంలో కాల్షియం చాలక కూన కాళ్లు వంకరపోతాయి. కూనల కోసం తయారైన దాణా, దానితోపాటు ఉడికించిన కోడిమాంసం సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి బిర్యానీ ముక్క పెట్టకూడదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. ఇందులో ముఖ్యమైనది పాన్‌ల్యుకోపీనియా టీకా. ఆ జబ్బు తెచ్చే వైరస్ ఇంట్లో ఏడాది వరకు బతకగలదు. వాంతులు, విరేచనాలతో ఒక కూన చనిపోయిన ఇంటిని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయాలి, టీకా పూర్తికాని కూనను అక్కడికి తేకూడదు. రేబీస్ టీకా మూడు నెలలకు వేయిస్తారు. కూన రక్కినా కరిచినా గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడు జంతువుల వైద్యానికి నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి.

ఆడకూన నాలుగు నెలలకే ఎదకు రావచ్చు, గర్భకాలం రెండు నెలలకు కొంచెం ఎక్కువ. కలిసిన మిద్దెల మీద దాన్ని కాపలా కాయడం ఎవరి తరమూ కాదు. అందుకని నాలుగు, ఆరు నెలల మధ్య సంతాన నిరోధక ఆపరేషన్‌కు తేదీని మొదటి టీకా నాడే పశువైద్యుడిని అడిగి ఖాయం చేసుకోవాలి.