రాత్రిపూటే వినిపించే దూరపు రేడియో



కైకలూరులో పగటిపూట మీడియంవేవ్ పెడితే విజయవాడ కేంద్రం స్పష్టంగా వినిపించేది. 1948 డిసెంబర్ 1న మొదలైన కేంద్రం అది. రాత్రి వంటిల్లు సర్దుకుని వచ్చి ముల్లు తిప్పితే ఎక్కడెక్కడి స్టేషన్లో పలికేవి. తెల్లవారితే వాటి జాడ ఉండేది కాదు. ఎందుకని ఎప్పుడైనా ఆలోచించారా?

1901లో మార్కోనీ పంపిన సంకేతం అట్లాంటిక్ సముద్రం దాటింది. భూమి గుండ్రం కదా, తిన్నగా పోయే తరంగం అంత దూరం ఎలా చేరింది? పైన అద్దంలాంటి పొర ఏదో ఉండాలని మరుసటి ఏడు కెన్నెలీ, హెవీసైడ్ ఊహించారు. 1924లో ఆపిల్టన్ దాన్ని రుజువు చేశాడు; 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పొరలనే అయనోస్ఫియర్ అంటున్నాం. మన వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావుగారు వాటిమీద పరిశోధన సాగించారు. 1965లో ఆయనకు భట్నాగర్ బహుమతి వచ్చింది.

అన్నిటికంటె కింది పొర 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎండ తగిలి అక్కడి గాలిలో ఎలక్ట్రానులు విడివడతాయి. గాలి కాస్త చిక్కన గనుక అవి అణువులను ఢీకొంటూ తరంగాల శక్తిని తినేస్తాయి. పొద్దుగూకితే చాలావరకు తిరిగి కలిసిపోతాయి. అప్పుడు తరంగం పై పొరదాకా పోయి, దూరాన నేలకు దిగుతుంది. అదీ రాత్రి రహస్యం!

మరి ఆ ఎలక్ట్రానులెన్నో లెక్కపెట్టేదెలా? బెలూన్లు సాధారణంగా 40 కిలోమీటర్ల లోపే ఆగిపోతాయి. ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. రాకెట్టే దిక్కు. మన దేశంలో 1963లో తుంబాలో, 1971లో శ్రీహరికోటలో ఆ ప్రయోగాలు మొదలయ్యాయి. కాని రాకెట్టు ఆ పొరలో ఎంతోసేపు నిలవదు, దూసుకుపోతుంది.

కొల్లేటిలో నాలుగుచోట్ల గడ వేసి లోతు చూచి, సరస్సు అడుగంతా బొమ్మ గీస్తే ఎలా ఉంటుంది? శాస్త్రజ్ఞుల పనీ అలాంటిదే. కొలిచినచోట కొలత, కొలవనిచోట సూర్యుడి ఎత్తు, ఋతువు, ప్రదేశం చూసి అంచనా. దేశదేశాల కొలతలు కూర్చిన అంతర్జాతీయ నమూనా 1978లో వెలువడింది. నాటినుంచి సవరిస్తూనే ఉన్నారు. కొలతలు తక్కువ గనుక కింది పొర దగ్గర దాని బలం తక్కువ.

అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఈ కుండ సంగతి వేరు. సూర్యుడిమీద పెద్ద జ్వాల లేచిందంటే, నిమిషాల్లో ఎలక్ట్రానులు పెరిగిపోయి పగటివైపు షార్ట్‌వేవ్ మూగబోతుంది. నడిసముద్రం మీద దాన్నే నమ్ముకున్న విమానానికి మాట అందదు. అందుకే ఇక్కడ ఒక్క మెతుకు చాలదు. వేళవేళకూ, చోటుచోటుకూ పట్టి చూడవలసిందే.