ప్రీమియం పెట్రోలు ఇంజన్లలో తక్కువ ఆక్టేన్ ఇంధనం

అధిక ఆక్టేన్ పెట్రోలుకు రూపొందించిన ఇంజన్‌లో సాధారణ పెట్రోలు వాడకం. ఆక్టేన్ సంఖ్య ఇంధనంలోని శక్తికి కొలత కాదు, చాలామంది అలాగే అనుకుంటారు గానీ. ఒత్తిడి పెరిగినా పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకోగలదో అది చెబుతుంది. ఐసో ఆక్టేన్‌ను 100గా, నార్మల్ హెప్టేన్‌ను 0గా తీసుకుంటారు.

టర్బో ఛార్జర్, అధిక కంప్రెషన్ ఉన్న ఇంజన్లలో తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో ఇబ్బంది ఎక్కువ. స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట సిలిండరు అంచుకు చేరకముందే అక్కడి మిశ్రమం భగ్గుమంటుంది. లోహాన్ని సుత్తితో కొట్టినట్టు టకటక వినిపిస్తుంది. ఇదే నాకింగ్. ఎండాకాలంలో, నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇది తేలిగ్గా బయటపడుతుంది. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఆ ప్రకంపనను పసిగడితే కంప్యూటర్ స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. ఇంజన్‌కు సాధారణంగా దెబ్బ తగలదు, పికప్, మైలేజీ మాత్రం తగ్గవచ్చు. ధరలో మిగిలిన డబ్బులో కొంత అక్కడే ఖర్చవుతుంది. సెన్సర్ లేని పాత ఇంజన్లలో నాకింగ్ కొనసాగితే పిస్టన్, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినవచ్చు.

కారుతో ఇచ్చే పుస్తకంలో ప్రీమియం 'సిఫార్సు' అని ఉంటే అప్పుడప్పుడు సాధారణ పెట్రోలు పోయవచ్చు, 'తప్పనిసరి' అంటే కూడదు. అమెరికా బంకుల్లోని 87, భారత్‌లో ఇదివరకు ఉన్న 91 దాదాపు ఒకే స్థాయివి. కొలిచే పద్ధతులే వేరు.